పసిపాప మొదటి రెండేళ్ళు - మూడు భాషల ఇల్లు



పసిపిల్లల ఎదుగుదల గురించి మీరు పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు. పాప ఏ నెలలో మెడ నిలబెడుతుంది, ఏ నెలలో కూర్చుంటుంది, ఎప్పుడు మాట పలుకుతుంది అని అందులో పట్టికలు ఉంటాయి. ఆ పాప పెరిగే ఇంట్లో ఎన్ని భాషలు వినిపిస్తాయన్న సంగతి మాత్రం ఆ పట్టికల్లో సాధారణంగా కనిపించదు. ఒకే ఇంట్లో రెండు మూడు భాషలు వినిపించడం మన దేశంలో వింత కాదు. అందుచేత ఈనాటి ప్రసంగంలో పట్టికనూ, ఇంటినీ కలిపి చూద్దాం. అందుకోసం ఒక ఊరిని ఎంచుకుందాం.

ఆ ఊరు పుదుచ్చేరి. పట్టణానికి దక్షిణాన, కడలూరు వెళ్ళే రోడ్డు మీద ముదలియార్‌పేట ఉంది. ఆంగ్లో ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ అనే పెద్ద బట్టల మిల్లు ఉన్న పేట అది. ఆ మిల్లు 2020లో మూతపడింది. ఇక పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం సంగతి మీకు తెలిసిందే. అది ఒక్కచోట లేదు, నాలుగు ముక్కలుగా ఉంది. పుదుచ్చేరి, కారైకాల్ తమిళ ప్రాంతాలు. మాహే మలయాళ ప్రాంతం. మన గోదావరి ఒడ్డున ఉన్న యానాం తెలుగు ప్రాంతం. యానాం నుంచి పుదుచ్చేరికి 800 కిలోమీటర్లకు పైగా దూరం. అయినా పరిపాలన ఒకటే కాబట్టి చదువుకనీ, ఉద్యోగానికనీ యానాం వాళ్ళు పుదుచ్చేరికి వెళుతూ ఉంటారు. ఇవి 1954 నవంబరు 1న ఫ్రెంచి పాలన నుంచి భారతదేశం చేతికి వచ్చాయి. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న జరిగింది. అప్పుడు ఇక్కడ పుట్టినవాళ్ళు ఆరు నెలల లోపల లిఖితపూర్వకంగా కోరుకుంటే ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవచ్చునన్నారు. అలా ఉంచుకున్న కుటుంబాలు నేటికీ ఆ పట్టణంలో ఉన్నాయి.

ఇప్పుడు ముదలియార్‌పేటలో ఒక ఇల్లు ఊహించుకోండి. నాన్నది యానాం, ప్రభుత్వోద్యోగం. అమ్మ ఆ ఊరి తమిళ పిల్ల. అమ్మ వాళ్ళ నాన్న ఫ్రెంచి పౌరుడు. అమ్మ చెల్లెలు ఊళ్ళోనే ఉన్న ఫ్రెంచి లిసేలో చదువుకుంది. ఆ బడి 1826లో మొదలైంది, ఇవాళ్టికీ నడుస్తున్నది. నాన్న వాళ్ళ అమ్మ, అంటే పాపకు నాయనమ్మ, యానాంలో ఉంటుంది. ఆమెకు తెలుగు తప్ప మరో భాష రాదు. ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల పుట్టింది. ఈ ఇల్లు నేను కల్పించిందే గాని, ఇలాంటివి ఆ పట్టణంలో వెతకకుండానే దొరుకుతాయి.

మన తెలుగువాళ్ళకు పిల్లల ఎదుగుదలకు సొంత పట్టిక ఒకటి ఉంది. అది వంటింటి పట్టిక. పాప బోర్లా పడితే బొబ్బట్లు చేస్తారు. అడుగులు వేస్తే అరిసెలు చేసి, ఆ అరిసెల మీద పాప చేత అడుగులు వేయిస్తారు. పలుకులు వస్తే పంచదార చిలకలు పంచుతారు. నవ్వుకూ, పాకడానికీ కూడా కొన్ని ప్రాంతాల్లో పిండివంటలు ఉన్నాయి. పని పేరులోని మొదటి అక్షరం, వంటకం పేరులోని మొదటి అక్షరం ఒకటిగా ఉండటం మీరు గమనించే ఉంటారు. జాఫ్నా తమిళుల ఇళ్ళలో పాపకు పన్ను వచ్చినప్పుడు కొళుక్కట్టలు, అంటే మన కుడుముల వంటివి, చేస్తారు. నాయనమ్మ అరిసెలు తెస్తే తమిళ అమ్మమ్మ వాటిని చూసి అదిరసం అంటుంది. బెల్లం పాకంలో బియ్యప్పిండి కలిపి చేసే ఆ వంటకం రెండిళ్ళలోనూ ఉన్నదే.

ఈ వంటింటి పట్టికలో నెలలు లేవు. పాప ఎప్పుడు బోర్లా పడితే అప్పుడే బొబ్బట్లు. ఫలానా నెలకే పడాలన్న ఒత్తిడి లేదు. అది దాని మంచితనం. కాని ఎంత ఆలస్యమైతే డాక్టరుకు చూపించాలో అది చెప్పదు. దాని కోసం మరో పట్టిక కావాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 దాకా ఆరు దేశాల్లో పిల్లల పెరుగుదల మీద ఒక పెద్ద అధ్యయనం చేయించింది. అందులో మన ఢిల్లీ పిల్లలు కూడా ఉన్నారు. వాటిలో ఐదు దేశాల్లో, అంటే ఘనా, భారతదేశం, నార్వే, ఒమాన్, అమెరికాల్లో 816 మంది పిల్లల కదలికలను గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల మధ్య. చేతులు, మోకాళ్ళ మీద పాకడం 5.2 నుంచి 13.5 నెలల మధ్య. తనంతట తాను నిలబడటం 6.9 నుంచి 16.9. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య. ఆరోగ్యంగా ఉన్న 100 మంది పిల్లల్లో 98 మంది ఈ హద్దుల లోపలే ఉంటారు.

ఈ అంకెల్లో మీ దృష్టికి రావలసింది వాటి వెడల్పు. పక్కింటి బాబు 9 నెలలకే నడిచాడనీ, మన పాప 15 నెలలైనా గోడ పట్టుకునే తిరుగుతోందనీ ఇంట్లో పెద్దలు దిగులు పడుతుంటారు. ఇద్దరూ హద్దుల్లోనే ఉన్నారు. ఇంకొక సంగతి. ఆ పిల్లల్లో 4.3 శాతం మంది చేతులు, మోకాళ్ళ మీద పాకనే లేదు. కొందరు పిరుదుల మీద జరుగుతూ వచ్చారు, కొందరు నేరుగా లేచి నిలబడ్డారు. వాళ్ళకు పాకినందుకు చేసే పిండివంట దక్కదన్న మాటే గాని వేరే లోటు లేదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు మాత్రం వయసును పుట్టిన రోజు నుంచి కాక, పుట్టవలసిన రోజు నుంచి లెక్కపెట్టాలి. ఈ లెక్క తెలియక చాలా ఇళ్ళలో అనవసరంగా భయపడతారు.

కాళ్ళు చేతుల సంగతి ఇలా ఉంటే, మాట సంగతి మరింత విచిత్రంగా ఉంటుంది. ముదలియార్‌పేట పాపకు భాష పుట్టుకతో మొదలు కాదు, అంతకు ముందే మొదలవుతుంది. కడుపులోని బిడ్డకు చివరి నెలల్లో బయటి ధ్వనులు చేరతాయి. మాటలు స్పష్టంగా చేరవు గాని లయ చేరుతుంది. పుట్టిన కొద్ది రోజులకే బిడ్డ తల్లి గొంతును గుర్తుపడుతుందని 1980లో అమెరికాలో నిరూపించారు. 1988లో పారిస్‌లో నాలుగు రోజుల పసిపిల్లలకు ఫ్రెంచి, రష్యన్ మాటలు వినిపించారు. వాళ్ళు రెంటికీ తేడా కనిపెట్టారు. నాలుగు రోజుల బిడ్డ ఆ సంగతి ఎలా చెబుతుందని మీరు అడగవచ్చు. నోట్లో తిత్తి పెట్టి చీకే వేగాన్ని కొలుస్తారు. కొత్త ధ్వని వినగానే బిడ్డ గబగబా చీకుతుంది. 2010లో వాంకూవర్‌లో మరో ప్రయోగం జరిగింది. గర్భిణిగా ఉన్నప్పుడు ఇంగ్లీషు, తగలాగ్ రెండూ మాట్లాడుతూ వచ్చిన తల్లుల బిడ్డలు రెండు భాషల మీదా ఆసక్తి చూపారు. అయినా రెంటినీ ఒకటిగా కలపలేదు, వేరుచేయగలిగారు.

ఇంగ్లీషు, తగలాగ్‌ల లయ వేరు వేరు. మరి తెలుగు, తమిళం వంటి దగ్గరి చుట్టాల మాటేమిటి? బార్సిలోనాలో ఇందుకు దగ్గరి ఉదాహరణ దొరుకుతుంది. అక్కడ చాలా ఇళ్ళలో కాటలాన్, స్పానిష్ రెండూ మాట్లాడతారు. అవీ దగ్గరి చుట్టాలే. ఆ ఇళ్ళలోని నాలుగు నెలల పిల్లలు రెంటినీ వేరుగా గుర్తించారని 2001లో పరిశోధకులు చూపారు. అంటే బోర్లా పడకముందే భాషలను వేరుచేయడం మొదలైపోతున్నది.

ఇక ఆరో నెల నుంచి పన్నెండో నెల దాకా జరిగేది మన అక్షరమాలకు సంబంధించిన కథ. 'త', 'ట' మనకు పూర్తిగా వేరు. తాతను టాట అనం. ఇంగ్లీషు చెవికి ఈ రెండూ ఒకేలా వినబడతాయి. అయితే ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని త, ట లను చక్కగా వేరుచేస్తారని 1984లో కెనడాలో వెర్కర్, టీస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కనుగొన్నారు. 10, 12 నెలలు వచ్చేసరికి వాళ్ళలో ఆ శక్తి చాలావరకు తగ్గిపోయింది. ప్రతి బిడ్డా లోకంలోని ధ్వనులన్నిటికీ చెవి ఒగ్గి పుడుతుంది. ఏడాది తిరిగేసరికి ఇంట్లో వినబడేవాటికి పదును పెట్టుకుని, వినబడనివాటిని పక్కన పెడుతుంది. మన పాప మూడు భాషలు వింటోంది కాబట్టి ఎక్కువే నిలుపుకుంటుంది. తెలుగు, తమిళాల నుంచి ట, ళ వస్తాయి. మాట మొదట్లో క కూ గ కూ, ప కూ బ కూ తేడా తెలుగు నుంచీ ఫ్రెంచి నుంచీ వస్తుంది. అచ్చ తమిళ మాటలు గ, బ లతో మొదలు కావు. ఫ్రెంచిలో ముక్కుతో పలికే అచ్చులు ఉన్నాయి.

ఏడాది నిండేసరికి మొదటి మాట వస్తుంది. ఇక్కడ ఆ ఇంట్లో నవ్వుకోదగిన చిక్కులు ఎదురవుతాయి. పాప "తాతా" అన్నదనుకోండి. తెలుగులో తాత అంటే తాతే. తమిళంలోనూ తాతే. ఫ్రెంచి పిల్లలు ముద్దుగా 'తాతా' అని పిలిచేది పిన్నినీ, అత్తనూ! పాప ఆ మాట అనగానే కుర్చీలో ఉన్న తాతా, లిసేలో చదివిన పిన్నీ ఇద్దరూ నన్నే అంటే నన్నే అంటారు. పాలను ఫ్రెంచిలో 'లే' అంటారు. పిన్ని గిన్నె చూపించి 'లే' అంటే, నాన్న చెవికి అది పొద్దున్నే పాపను లేపుతున్నట్టు ఉంటుంది. అమ్మ, పాపా, తాత, మామ వంటి మాటలు భాష భాషలోనూ ఎందుకు కనిపిస్తాయన్న ప్రశ్నకు రోమన్ యాకబ్‌సన్ అనే భాషాశాస్త్రవేత్త ఒక వ్యాసమే రాశాడు. పెదవులు కలిపి విడిచే ధ్వనులు, నాలుక పళ్ళకు తగిలే ధ్వనులు, వాటి తర్వాత ఆ అన్న అచ్చు, ఇవి బిడ్డకు సులభం. బిడ్డ పలికిన ధ్వనికి అర్థం కట్టుకునేది పెద్దవాళ్ళే.

ఏడాదిన్నర వయసులో ఇంట్లో అసలైన దిగులు మొదలవుతుంది. నాన్న తెలుగు మాటలు లెక్కపెడతాడు, 20 ఉంటాయి. ఎదురింటి తెలుగు పిల్లకు 50 వచ్చు. అమ్మ తమిళ మాటలు లెక్కపెడుతుంది, 18 ఉంటాయి. ఇద్దరూ పాప వెనకబడిందనుకుంటారు. పిన్ని లెక్కలో మరో 12 ఫ్రెంచి మాటలు ఉన్నాయని ఇద్దరికీ గుర్తుండదు. మూడూ కలిపితే 50. అమెరికాలో స్పానిష్, ఇంగ్లీషు ఇళ్ళ పిల్లల మీద 1993లో పియర్సన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఈ విషయాన్నే చూపారు. ఒక్కొక్క భాషలో విడిగా లెక్కపెడితే తక్కువగా కనిపించిన పిల్లలు, రెండు భాషలూ కలిపి లెక్కపెడితే ఒకే భాష పిల్లలకు తీసిపోలేదు.

తెలుగు, తమిళాల మధ్య ఈ లెక్క కూడా అంత తేలిక కాదు. పాలు, కాలు, కన్ను, ముక్కు అన్న మాటలు చూడండి. తమిళ గ్రంథాల్లో ఇవి పాల్, కాల్, కణ్, మూక్కు. మన భాష అజంతం కాబట్టి చివర అచ్చు ఉంటే తెలుగని తేల్చవచ్చు అనుకుంటాం. కాని వాడుక తమిళంలో వాళ్ళూ పాలు, కాలు, కణ్ణు అనే అంటారు. పాప "పాలు" అంటే ఏ ఖాతాలో రాయాలి? నన్నడిగితే రెండు ఖాతాల్లోనూ రాయమంటాను. పాపకు ఆ ఖాతాలతో పని లేదు, పాలతోనే పని.

రెండేళ్ళు దగ్గరపడుతుండగా పాప "పాలు వేండాం" అంటుంది. పాలు వద్దని అర్థం. పెద్దలు దీన్ని గజిబిజి అంటారు. ఇది గజిబిజి కాదు. తనకు తెలిసిన మాటను తెలిసిన చోట వాడుకుంటోంది, అంతే. ఆ పాప నాన్నతో ఉన్నప్పుడు తెలుగు మాటలు ఎక్కువగా, అమ్మమ్మతో ఉన్నప్పుడు తమిళం మాటలు ఎక్కువగా వాడుతుంది. ఎవరికి ఏది అర్థమవుతుందో రెండేళ్ళ లోపే పసిగడుతుంది. రెండు భాషలు తెలిసి మధ్యవర్తిగా ఉండేవాణ్ణి దుబాసీ అంటాం. ద్విభాషి నుంచి వచ్చిన మాట అది. పుదుచ్చేరిలో 18వ శతాబ్దంలో డూప్లే దగ్గర పనిచేసిన ప్రసిద్ధుడైన దుబాసీ ఆనందరంగ పిళ్ళై తన దినచర్యను తమిళంలో రాసుకున్నాడు. మన కస్తూరి రంగకవి రాసిన తెలుగు ఛందోగ్రంథం 'ఆనందరంగరాట్ఛందము' ఆయన పేరు మీద వెలిసిందే. ఆ పట్టణానికి బహుభాషలు కొత్త కావు.

ఒకప్పుడు చదువుకున్నవాళ్ళు కూడా రెండు భాషలు బిడ్డ బుర్రకు బరువని నమ్మారు. 1923లో వేల్స్ దేశంలో జరిగిన ఒక అధ్యయనం అలాగే చెప్పింది. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనే పరిశోధకులు, కుటుంబాల స్థితిగతులు సమానంగా ఉండేటట్లు చూసి పిల్లలను పోల్చారు. అప్పుడు రెండు భాషల పిల్లలే మెరుగ్గా కనిపించారు. మన హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు వ్యాధిగ్రస్తుల వివరాలను పరిశీలించి 2013లో ప్రకటించింది. ఒకే భాష వచ్చినవారి కంటే రెండు, అంతకు మించి భాషలు వచ్చినవారిలో జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. భాషలే దానికి కారణమని ఒక్క అధ్యయనంతో తేల్చలేం. కాని బరువన్న పాత మాటకు మాత్రం ఆధారం లేదు.

ఇక్కడ మీరు చాలా జాగ్రత్తగా వినవలసిన సంగతి ఒకటి ఉంది. రెండు భాషల వల్ల మాట ఆలస్యమవుతుందనే నమ్మకం వల్ల రెండు రకాల నష్టాలు జరుగుతున్నాయి. మొదటిది, పాప మాట్లాడటం లేదని ఎవరో సలహా ఇవ్వగానే నాన్న తెలుగు మానేస్తాడు. రెండోది ఇంకా ప్రమాదకరమైనది. "మూడు భాషల ఇల్లు కదా, అందుకే ఆలస్యం, అదే వస్తుంది" అని అందరూ సర్దుకుంటారు. ఈలోగా పాపకు వినబడటం లేదన్న సంగతి మరుగున పడిపోతుంది.

పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఒకరిద్దరికైనా పుట్టుకతో తీవ్రమైన వినికిడి లోపం ఉంటుంది. అలాంటి బిడ్డ కూడా మొదట్లో ఉంగా ఉంగా అంటుంది. మూడో నెలలో ఆ ఊసులు విని ఎవరికీ అనుమానం రాదు. తేడా తెలిసేది ఆరు నుంచి పది నెలల మధ్య. వినబడే బిడ్డ ఆ వయసులో "బాబాబా", "దాదాదా" అని హల్లూ అచ్చూ కలిపి గొలుసులు కడుతుంది. వినబడని బిడ్డకు అవి బాగా ఆలస్యమవుతాయి. ఈ గొలుసులకు తెలుగు, తమిళం, ఫ్రెంచి అన్న భేదం లేదు. ఎన్ని భాషల ఇల్లైనా అవి వేళకు రావలసిందే.

పన్నెండు నెలలకు గొలుసు మాటలు గాని, వేలు చూపించడం, టాటా చెప్పడం వంటి సైగలు గాని లేకపోతే, పదహారు నెలలకు ఏ భాషలోనూ ఒక్క మాటైనా లేకపోతే, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి తనంతట తాను చెప్పకపోతే, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోతే, డాక్టరుకు చూపించాలి. పక్కవాళ్ళ ఓదార్పు వినకూడదు. పాపకు నిద్రలోనే చేసే వినికిడి పరీక్షలు ఉన్నాయి. చెవిలో చిన్న గొట్టం పెట్టి ఓఏఈ అనే పరీక్ష చేస్తారు. తలకు తీగలు అంటించి బెరా అనే పరీక్ష చేస్తారు. రెండూ నొప్పి లేనివి. మొదటి నెలలో పరీక్ష, మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా చికిత్స మొదలు కావాలని వైద్యులు లెక్క పెట్టుకున్నారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వమే పిల్లలకు పుట్టుకతో వచ్చే లోపాలను ఉచితంగా పరీక్షించే ఏర్పాటు చేసింది. అంగన్‌వాడీకి వెళ్ళే ప్రతి తల్లికీ ఇది తెలిసి ఉండాలి. తెలియకపోతే మీరు చెప్పండి.

మొదటి నష్టం దగ్గరికి వద్దాం. నాన్న తెలుగు మానేస్తే ఏమవుతుంది? ముదలియార్‌పేట వీధిలో తమిళం ఉంది. బడిలో ఇంగ్లీషో ఫ్రెంచో ఉంటుంది. తెలుగుకు ఆ ఇంట్లో నాన్న తప్ప మరో దారి లేదు. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో డి హౌవర్ అనే పరిశోధకురాలు ఇంట్లో రెండో భాష ఉన్న సుమారు 1,900 కుటుంబాల వివరాలు సేకరించి 2007లో ప్రచురించింది. తల్లీదండ్రుల్లో ఒకరు మాత్రమే ఆ భాష మాట్లాడి, రెండోవారు ఊరి భాషే మాట్లాడిన ఇళ్ళలో దాదాపు నాలుగో వంతులో పిల్లలకు ఆ భాష మాటాడటం అబ్బలేదు. నాన్న ఒక్కడే అయితే పట్టు వదలకుండా మాట్లాడితేనే దక్కుతుంది. యానాంలోని నాయనమ్మతో పాప మాట్లాడగలదా, లేక ఫోనులో ఒకరినొకరు చూసి నవ్వి ఊరుకుంటారా అన్నది ఆ ఒక్క మనిషి మీద ఆధారపడి ఉంది.

తెలుగు కార్టూన్లు పెట్టేస్తే సరిపోదా అని మీరు అడుగుతారు. 2003లో అమెరికాలో ప్యాట్రీషియా కూల్, ఆమె సహచరులు తొమ్మిది నెలల పిల్లలకు 12 సార్లు చైనా భాష వినిపించారు. కొందరికి మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ చెప్పింది. కొందరికి అవే మాటలు టెలివిజన్‌లో చూపించారు. మనిషి దగ్గర విన్న పిల్లలు ఆ భాష ధ్వనులను పట్టుకున్నారు. టెలివిజన్ చూసినవాళ్ళు ఏమీ పట్టుకోలేదు. టెలివిజన్ ప్రసంగంలో ఈ మాట చెప్పవలసి రావడం కొంచెం ఇబ్బందే! మీరు పెద్దవాళ్ళు, మీకు ఫరవాలేదు. పాపకు మాత్రం బువ్వ పెడుతూ, చందమామను చూపిస్తూ, ఆమె కళ్ళలోకి చూసి మాట్లాడే మనిషి కావాలి. ఫోనులో నాయనమ్మ మాట్లాడినా, పాప ఊకొట్టినప్పుడు ఆమె తిరిగి బదులు పలుకుతుంది కాబట్టి అది కార్టూన్ కంటే మేలు.

ఇక మీకు ఒక పని. మీ ఇంట్లోనో, వీధిలోనో 10 నెలల నుంచి రెండేళ్ళ లోపు పాప ఉంటే, పెద్దల అనుమతి తీసుకుని రెండు వారాలు గమనించండి. నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీయండి. మొదటి దానిలో తేదీ, రెండో దానిలో పాప పలికిన ధ్వని లేదా మాట విన్నది విన్నట్టుగా, మూడో దానిలో ఎవరితో అన్నది, నాలుగో దానిలో ఆ మనిషి ఏమని బదులిచ్చినది రాయండి. మాట తప్పని దిద్దవద్దు, మీ భాషలోకి మార్చి రాయవద్దు. 1913లో ఫ్రెంచి, జర్మన్ మాట్లాడే తన ఇంట్లో కొడుకు లూయీ మాటలను జూల్ రోంజా ఒక పుస్తకంగా ప్రచురించాడు. ఆయన మొదలుపెట్టింది కూడా ఇలా రాసుకోవడంతోనే. నాలుగో గడి ఖాళీగా మిగిలిన రోజులు ఎన్ని ఉన్నాయో చివర లెక్కపెట్టి, ఆ లెక్కను పాప ఇంట్లోవాళ్ళకు చూపించండి.